వెనక్కి పిలవని మనిషి

థామ్ పీతని బోర్లించి, కాలి బొటనవేలితో నొక్కిపెట్టి, డెక్కలు రెండూ దగ్గరికి లాగి సన్నటి నైలాన్ దారంతో బిగించింది. పక్కన లొయ్ అదే పని తడి గుడ్డపేలికలతో చేస్తోంది. పేలిక ఎంత లావుంటే కాటా మీద పీత అంత తూగుతుంది. ఆ సంగతి ముయ్‌నే ఒడ్డున తట్టలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లందరికీ తెలుసు. కొనేవాళ్లలో సగం మందికీ తెలుసు. థామ్ మాత్రం దారమే కడుతుంది.

వెలుతురు ఇంకా పల్చగానే ఉంది. వేట నుంచి వచ్చిన పెద్ద పడవలు దూరంగా లంగరేసి ఉన్నాయి. వాటి దగ్గర్నుంచి గుండ్రటి పుట్టీలు సరుకు మోసుకుంటూ ఒడ్డుకి వస్తున్నాయి. మొదటి బేరం రోడ్డు మీంచి మెట్లు దిగి వచ్చింది. సైగాన్ జంటలా ఉన్నారు. అతని మెడలో కెమెరా, ఆమె తలమీద గొడుగంత టోపీ. మెట్ల దగ్గర కూర్చున్న వాళ్లందర్నీ దాటుకుని నేరుగా థామ్ ముందుకొచ్చి నిలబడ్డారు.

"కిలో ఎంత?"

"మూడు లక్షల డాంగ్‌లు."

"లక్షన్నర చేసుకో."

"మూడు లక్షలేనమ్మా. కట్టింది దారం, చూసుకో. నీళ్లు కార్చి తూస్తాను."

టోపీ ఆమె చేతిలోకి తీసుకున్న పీతని తట్టలో పడేసింది. ఇద్దరూ నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి చూశారు. థామ్ తర్వాతి పీతని కడుతోంది. ఇంకో నాలుగడుగులు వేసి మళ్లీ చూశారు.

"చెల్లీ, అలిగి వెళ్లిపోతే ఎలాగ? ఇటు రా," లొయ్ గొంతెత్తింది. "నీకెంతకి కావాలో చెప్పు. పొద్దున్నే వచ్చిన మనిషిని ఉత్త చేతుల్తో పంపిస్తానా?"

వాళ్ల మొహాలు విప్పారాయి. దీనికోసమే ఎదురుచూస్తున్నట్టు గబగబా వెళ్లి లొయ్ ముందు గొంతుక్కూర్చున్నారు. తడి పేలికలతో, బుట్టలో నిలిచిన నీళ్లతో సహా పీతలు కాటా ఎక్కాయి.

థామ్ పక్కనున్న పాత పేపరు ముక్క చింపి చుట్టింది. లైటర్ వెలిగించి అంటించింది. మండుతున్న ఆ చుట్టని తట్టల చుట్టూ, కాటా చుట్టూ తిప్పింది. "మంచిది ఉండు, చెడ్డది పో," అని మూడుసార్లు అనుకుని, ఇసకలో పడేసి చెప్పుకాలితో నలిపింది. బోణీకి వచ్చిన బేరం చెడితే ఒడ్డున అందరూ చేసే పనే. అయినా ఆ రోజు కలిసిరాలేదు. ఎండెక్కేదాకా కూర్చుని, మిగిలిన సరుకంతా హోటళ్లకి కొనుక్కుపోయే దళారి అడిగిన రేటుకే అతని డబ్బాలో పోసి, ఖాళీ తట్టలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు ఉత్తరాది యాసతో మాట్లాడే ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. వాళ్లూ లక్షన్నరే అన్నారు. వాళ్లూ నాలుగడుగులు వేసి వెనక్కి చూశారు. వాళ్లనీ లొయ్యే పిలిచింది. థామ్ మళ్లీ పేపరు అంటించింది. కుర్రాళ్లలో ఒకడు అది ఫోనులో తీసుకున్నాడు.

ఆ తర్వాతి రోజు థామ్ పీతలు కడుతూనే మెట్ల వైపు ఓ కన్నేసి ఉంచింది. బట్టతల మనిషొకడు పెళ్లాంతో దిగాడు. దిగినవాడు సముద్రాన్ని చూడలేదు, పడవల్ని చూడలేదు. వరసగా కూర్చున్న ఆడవాళ్ల తలల వైపు చూసుకుంటూ వచ్చి, థామ్ దగ్గర ఆగి, పెళ్లాంతో అన్నాడు.

"ఊదా రంగు తలగుడ్డ. ఈవిడే."

థామ్ చేతిలో దారం జారింది. "నేనేంటి? ఎవరు చెప్పారు నా గురించి?"

"గెస్ట్‌హౌస్‌లో రిసెప్షన్ అమ్మాయి చెప్పిందిలే."

"ఏం చెప్పింది?"

అతను పెళ్లాం వైపు చూసి నవ్వాడు. చెప్పకూడనిది చెప్పబోయి ఆగిన నవ్వులా ఉంది థామ్‌కి. "కిలో లక్షన్నర చేసుకుంటావా?" అన్నాడు.

వాళ్లు నాలుగడుగులు వేశారు. వెనక్కి చూశారు. లొయ్ పిలిచింది.

ముయ్‌నేలో గెస్ట్‌హౌసులు చాలానే ఉన్నాయి. కానీ రిసెప్షన్‌లో ఈ ఒడ్డు పిల్ల కూర్చున్నది ఒక్కదాంట్లోనే. ఆ పిల్ల లొయ్ కూతురు ఉయెన్. ఇసక అంటకుండా పెంచింది లొయ్ దాన్ని. టూరిజం చదివించింది. ఒడ్డుకి రానిచ్చేది కాదు, తట్ట పట్టనిచ్చేది కాదు.

"నీ తట్టలు తొందరగా ఖాళీ అవుతున్నాయే ఈ మధ్య," అంది థామ్, లొయ్ మొహంలోకి చూడకుండా.

"దేవుడి దయ అక్కా. నువ్వు కూడా కాస్త నోరు కదిపితే నీవీ అవుతాయి. పిలిస్తే ఏం పోయింది?"

"నాకెందుకులే. పిలిచేవాళ్లున్నారు, పంపేవాళ్లున్నారు."

లొయ్ పేలిక ముడి పళ్లతో బిగిస్తూ ఆగింది. "పంపేవాళ్లేంటి?"

"ఏం లేదు."

సాయంత్రం థామ్ మొగుడు కాన్ వాకిట్లో కాళ్లు చాపుకుని వల అల్లుతున్నాడు. కాలి వేళ్లకి వల చిక్కించి, చిరిగిన కన్ను చుట్టూ దారం పోనిస్తున్నాడు. థామ్ అన్నం గిన్నె అతని పక్కన పెట్టి అక్కడే నిలబడింది.

"వరసగా మూడు బేరాలు. అందరిదీ ఒకటే మాట, ఒకటే నడక. నా తలగుడ్డ రంగు చెప్పి మరీ పంపుతోంది. నా బోణీ చెడగొట్టి తల్లి దగ్గరికి మళ్లించడానికి కాకపోతే ఎందుకు?"

"ఆ పిల్ల నీ ఒళ్లో పెరిగిందే."

"పెరిగితే? చదువుకున్నాక ఆ మాత్రం తెలివి రాదా?"

"నువ్వూ ఓసారి పిలిచి చూడు. నాలుక అరిగిపోదు."

"పిలిచి తగ్గిస్తే మొదట చెప్పింది అబద్ధమనే కదా అర్థం. నేను అబద్ధం చెప్పలేదు."

"అయితే తట్ట పక్కన పేపర్ల కట్ట పెట్టుకో. రోజుకొకటి కాల్చు." కాన్ వల మీంచి తలెత్తలేదు. "ఒక్కటి చెప్తున్నా. ఆ పిల్లనే వెళ్లి అడుగు. ఇంకెవరి దగ్గరికీ పోకు."

థామ్ మర్నాడు మధ్యాహ్నం వెళ్లింది. అడగడానికే వెళ్లాననుకుంది. గెస్ట్‌హౌస్ ముందు కాగితప్పూల చెట్టు కింద చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడింది. లోపల ఉయెన్ తెల్ల చొక్కాతో, జుట్టు ముడేసుకుని, బల్ల మీద పరిచిన మ్యాపు మీద పెన్నుతో గీస్తూ ఇద్దరాడవాళ్లకి చెబుతోంది.

"ఎర్ర ఇసక దిబ్బలకి ఎండ తగ్గాక వెళ్లండి. జారడానికి ప్లాస్టిక్ పలకలు అద్దెకిస్తామని వెంటపడతారు, ముందే డబ్బులివ్వకండి. వాగులో నడిచేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకోండి, అక్కడ దాచిపెడతామన్న వాళ్లకి ఇవ్వకండి. జీపు వాడితో ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి. ఎక్కడికెళ్లినా సగం ధరే అడగండి. ఒప్పుకోకపోతే నాలుగడుగులు వేయండి. వాళ్లే వెనక్కి పిలుస్తారు."

థామ్‌కి ఒళ్లంతా వేడెక్కింది. అవే మాటలు. ఉయెన్ అప్పుడే తలెత్తి చూసింది. మొహం వెలిగిపోయింది. "పెద్దమ్మా, నువ్వా? లోపలికి రా, అక్కడే నిలబడ్డావేం? చల్లగా ఏమన్నా తాగుతావా?"

ఆ మొహం చూశాక అడగాల్సింది అడగొచ్చు. కానీ పట్టుబడ్డ మనుషులే ఎక్కువ ఆప్యాయంగా మాట్లాడతారని థామ్‌కి తోచింది. "మీ ఓనరుందా?" అంది.

ఓనరు ఖ్వే వెనక గదిలో నేల మీద ఉన్న చిన్న పూజా పీఠానికి అగరొత్తులు వెలిగిస్తోంది. పీఠం మీద ధనదేవుడి బొమ్మ, ఎర్రటి డ్రాగన్ ఫ్రూట్లు, ఆ రోజు మొదటి గెస్టు ఇచ్చిన నోటు. చేతులు తుడుచుకుంటూ లేచింది.

"ఏంటి థామ్, రొయ్యలేమన్నా తెచ్చావా?"

"రొయ్యలు కాదమ్మా. మీ కౌంటరు పిల్ల పొద్దున్నే గెస్టుల్ని మా ఒడ్డు మీదికి తోలుతోంది. కొనొద్దు, సగానికడిగి లేచిపొమ్మని నేర్పి మరీ. వరసగా బోణీలు చెడుతున్నాయి నాకు. ఆ పిల్ల నోట్లోంచి మాట వచ్చిందంటే చాలు, నా రోజు నాశనమే."

చివరి మాట అనాలనుకుని రాలేదు. అయినా ఖ్వే పట్టుకున్నది ఆ మాటనే. గోడకున్న తాళాల పలక వైపు చూసింది. చాలా గదుల తాళాలు కొక్కేలకే వేలాడుతున్నాయి.

"ఎప్పట్నుంచి?" అంది గొంతు తగ్గించి.

"నాకు తెలిసి ఈ వారమంతా."

"నాకూ ఈ వారమంతా ఫోన్లే మోగట్లేదు." ఖ్వే బయట కౌంటరు వైపు చూసి, మళ్లీ థామ్ వైపు చూసింది. "పొద్దున తలుపు తీసేది అదే. మొదట కౌంటరు ముట్టుకునేది అదే. దాని చెయ్యి మంచిది కాదేమోనని నాకెప్పుడూ తట్టనేలేదు చూడు."

"నేనన్నది చెయ్యి గురించి కాదమ్మా. కావాలని చేస్తోందనే నా అనుమానం."

"ఏదైతే ఏంటి," అంది ఖ్వే.

థామ్ బయటికొచ్చేసరికి ఉయెన్ గ్లాసులో చెరుకురసం పట్టుకుని నిలబడి ఉంది. థామ్ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

రెండ్రోజులు ఒడ్డుకి పొద్దున్నే ఎవరూ ప్రత్యేకంగా థామ్‌ని వెతుక్కుంటూ రాలేదు. ఊళ్లోని హోటలావిడ బోణీ చేసింది. సరుకు బాగానే పోయింది. లొయ్ మాత్రం తన తట్టల్ని రెండు బారలు అవతలికి జరుపుకుని, ఎవరినీ పిలవకుండా కూర్చుంది. థామ్ అటు చూసినప్పుడల్లా ఆమె ఇటే చూస్తోంది. తన అనుమానం నిజమే కాబట్టే అలా చూస్తోందనుకుంది థామ్.

రెండో రోజు ఎండెక్కాక ముసలి దంపతులు నెమ్మదిగా మెట్లు దిగారు. ఆయన ఊతకర్ర ఇసకలో దిగబడుతుంటే ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. హనోయి యాస. ఆవిడ థామ్ తలగుడ్డ వంక చూసి ఆగింది. థామ్ వెన్ను బిగుసుకుంది.

"కిలో తూచమ్మా."

ధర అడగలేదు. థామ్ పీతల్ని జల్లి బుట్టలో వేసి, అలవాటుగా చేత్తో పైకెత్తి పట్టుకుని, నీళ్లు ధారగా, తర్వాత చుక్కలుగా పడి ఆగేదాకా నిలబడింది. ముసలావిడ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"చూశారా? ఆ పిల్ల చెప్పినట్టే."

"ఏ పిల్ల?" అంది థామ్.

"మా గెస్ట్‌హౌస్‌లో ఉండేదిగా. వచ్చిన రోజే చెప్పింది. పీతలు కావాలంటే ఊదా రంగు తలగుడ్డావిడ దగ్గరే కొనండి, ఒడ్డు మొత్తమ్మీద దారంతో కట్టేది ఆవిడొక్కతే, నీళ్లు కారేదాకా బుట్ట దించదు, మా పెద్దమ్మే అంది. సరుకు అయిపోతుంది, తెల్లారేసరికే వెళ్లమంది కూడా. ఈయన మోకాళ్లతో మాకెక్కడ కుదురుతుంది?"

థామ్ బుట్టని ఇంకా పైకెత్తే ఉంచింది. చుక్కలు ఎప్పుడో ఆగిపోయాయి.

"సగం ధరకి అడగమని చెప్పలేదా?"

"అది అందరికీ, అన్ని చోట్లకీ కలిపి చెప్పే మాటే కదమ్మా. మాకు బేరమాడటం రాదు. ఈయనకైతే సిగ్గు." ఆవిడ డబ్బు తీస్తూ అంది. "పాపం, ఆ పిల్ల ఇప్పుడు లేదు. ఓనరే కూర్చుంటోంది కౌంటరులో. మాన్పించేశారట."

"ఎందుకని?"

"చెయ్యి మంచిది కాదట. ఎవరో వచ్చి చెప్పారట."

ముసలివాళ్లు వెళ్లిపోయారు. థామ్ మిగతా సరుకు కూడా చూడకుండా లేచింది. లొయ్ వైపు చూసింది. లొయ్ పేలిక చుడుతోంది. ఒకే పీతకి, మళ్లీ మళ్లీ.

ఖ్వే ఈసారి గుమ్మంలోనే కలిసింది. లోపలికి రమ్మనలేదు.

"పొరపాటు నాదమ్మా," అంది థామ్. "ఆ పిల్ల నా మంచికే చెప్పింది. అందరికీ బేరం ఆడటం నేర్పింది, నా దగ్గరా అదే ఆడారు. నేను పిలవను కాబట్టి పోయాయి బేరాలు. దాని చెయ్యి వల్ల కాదు. మళ్లీ పెట్టుకోండి దాన్ని."

"నువ్వే కదా వచ్చి చెప్పావ్?"

"అందుకే మళ్లీ నేనే వచ్చాను."

"చూడు థామ్." ఖ్వే తాళాల పలక వైపు చెయ్యి చూపింది. కొక్కేలు సగానికి పైగా ఖాళీ. "అది వెళ్లిన సాయంత్రమే సైగాన్ నుంచి బస్సెడు జనం దిగారు. నువ్వన్నది పొరపాటే అయితే ఈ గదులెలా నిండాయి?"

"సెలవులొచ్చాయి కాబట్టి నిండాయి."

"ఏమో. నాకు పిల్లలున్నారు, అప్పులున్నాయి. దాన్ని ఏమీ అనలేదు నేను, జీతం మొత్తం ఇచ్చి పంపించాను." ఖ్వే తలుపు సగం మూస్తూ అంది. "ఆ చివర రిసార్టులో కూడా అడిగిందట. మధ్యాహ్నం రమ్మన్నారట, ముందు ఇంకెవరన్నా గుమ్మం తొక్కాక. రోడ్డంతా తెలిసిపోయింది. నేనేం చెయ్యను?"

సాయంత్రం థామ్ లొయ్ ఇంటికి వెళ్లింది. లొయ్ వాకిట్లో ఆలిచిప్పలు ఒలుస్తోంది. కత్తి మొన గుచ్చి, తిప్పి, కండ గిన్నెలోకి, చిప్ప వెనక్కి. లోపల ఉయెన్ గోడకానుకుని కూర్చుని ఉంది. ఆ తెల్ల చొక్కాయే, ఇస్త్రీ లేదు.

"పోవే అక్కా," అంది లొయ్ తలెత్తకుండానే. "నీతో నాకు మాటల్లేవు."

"నేను పిల్లతో మాట్లాడటానికొచ్చాను."

"అడగాల్సిన రోజు అడగలేదు కదా? చెరుకురసం కూడా తాగలేదట. నా కూతురి చేతి గ్లాసు ముట్టుకోలేదట నువ్వు." కత్తి చిప్పలో ఇరుక్కుంది. "నా తట్ట దగ్గరికి మళ్లించడానికి చేసిందనుకున్నావా? మళ్లింది నేను పిలిచినందుకు. నాకు నోరుంది, పిలిచాను. నా కక్కుర్తి అది. దాందేం తప్పుంది?"

"దాందేం లేదు." థామ్ గుమ్మం వైపు తిరిగింది. "ఉయెన్, రేపు పొద్దున్న నా బోణీ నువ్వు చెయ్యాలి."

ఉయెన్ మోకాళ్లు దగ్గరికి లాక్కుంది.

లొయ్ కత్తి కింద పెట్టింది. "ఎందుకు? ఒడ్డున అందరి ముందూ దాని వెనకాల పేపరు కాల్చడానికా?"

"నువ్వు రావాలి ఉయెన్," అంది థామ్. అంతకంటే చెప్పడం చేతకాలేదు. వచ్చేసింది.

తెల్లారింది. థామ్ పీతలు కట్టి, తట్టల మీద తడి గోనెపట్టా కప్పి కూర్చుంది. హోటలావిడ వచ్చి పట్టా ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకా తెరవలేదు."

"తెరవకపోవడమేంటి? కళ్లెదురుగా కూర్చున్నావు."

"బోణీకి మనిషొస్తుంది."

"ఎవరు?"

"లొయ్ కూతురు."

హోటలావిడ వెనక్కి ఓ అడుగు వేసింది. మాట ఒకరి నుంచి ఒకరికి పాకి మెట్ల దాకా పోయింది. చేపలు ఏరేవాళ్లు ఏరడం ఆపారు. ఓ ముసలామె, "దీనికి మతి పోయిందా," అంది, వినపడేలాగే. పడవల దగ్గర్నుంచి కాన్ పుట్టి లాక్కొచ్చి, అక్కడే తెడ్డు మీద ఆనుకుని నిలబడ్డాడు. జీపులో వచ్చిన గెస్టులు మెట్లు దిగి, ఫోటోలు తీసుకుని, థామ్ దగ్గరికొచ్చి, మూసిన తట్టలు చూసి వెళ్లిపోయారు. వెలుతురు చిక్కబడుతోంది. థామ్ మెట్ల వైపు చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

ఉయెన్ మెట్ల మీంచి రాలేదు. తల్లి వెనకాల, ఇళ్ల మధ్య సందులోంచి, చేతులూపుకుంటూ వచ్చింది. లొయ్ తన చోట తట్టలు దించింది. పిల్ల థామ్ ముందుకొచ్చి నిలబడింది. థామ్ పట్టా తీసింది.

"కిలో ఎంత?" అంది ఉయెన్, ఓ పీతని చేతిలోకి తీసుకుని. పెద్దమ్మా అనలేదు.

డబ్బు తీసుకోనని, ఊరికే ఇస్తానని చెప్పాలనుకుంది థామ్. ఊరికే ఇస్తే అది బోణీ కాదు. "మూడు లక్షలు," అంది.

"లక్షన్నర చేసుకో."

ఎవరో చప్పున ఊపిరి పీల్చారు. థామ్ పిల్ల కళ్లలోకి చూసింది. అవి ఎర్రగా ఉన్నాయి, కానీ తిప్పుకోలేదు.

"మూడు లక్షలు," అంది థామ్ మళ్లీ. ఆ మాట తనంతట తనే వచ్చింది, ఇన్నేళ్ల అలవాటు.

ఉయెన్ పీతని తట్టలో పెట్టింది. పడేయలేదు, పెట్టింది. వెనక్కి తిరిగి నడిచింది.

ఒడ్డంతా చూస్తోంది. పొద్దున్నే వచ్చి, బోణీ చెయ్యకుండా, ఉత్త చేతుల్తో పోతున్న పిల్ల. ఇంక ఈ రోడ్డు మీద ఏ తలుపూ తెరుచుకోదు దానికి. పక్కనున్న ముసలామె తన లైటర్ తీసి, పేపరు ముక్కతో సహా థామ్ ఒళ్లో పెట్టింది. లొయ్ లేచి నిలబడింది. ఉయెన్ నాలుగడుగులు వేసింది, ఆగింది. వెనక్కి మాత్రం చూడలేదు.

థామ్ ఒళ్లోంచి లైటర్ ఇసకలో పడింది.

"ఉయెన్," అంది.

పక్కవాళ్లకే వినబడింది. పిలవడం ఎలాగో ఆ గొంతుకి తెలీదు. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి మెట్ల దాకా వినబడింది.

"ఉయెన్, వెనక్కి రా అమ్మా. అలిగి వెళ్లిపోతే ఎలాగ? లక్షన్నరకే ఇస్తాను. రా."

పడవల దగ్గర కాన్ తెడ్డు వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. హోటలావిడ నోరు తెరుచుకుని చూస్తోంది. ఉయెన్ తిరిగి వచ్చి, థామ్ ముందు గొంతుక్కూర్చుంది. నోటు తీసి ఇచ్చింది. థామ్ ఆ నోటుని అందరికీ కనపడేలా పట్టుకుని తట్టల మీద ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పింది. పీతల మీద, కాటా మీద, తన తలగుడ్డ మీద.

"ఏది మంచిదో నువ్వే ఏరుకో," అంది.

ఉయెన్ ఏరింది. థామ్ వాటిని జల్లి బుట్టలో వేసి, తొందర తొందరగా కాటా మీద పెట్టబోయింది. అప్పటికే వెనకాల హోటలావిడ వంగి పీతల్ని చూస్తోంది.

ఉయెన్ చెయ్యి చాచి బుట్ట అంచు పట్టుకుని ఆపింది.

"నీళ్లు ఇంకా కారుతున్నాయి పెద్దమ్మా," అంది.

ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని, చుక్కలు ఆగేదాకా బుట్టని అలాగే పైకెత్తి ఉంచారు.